చెరువు గట్టుపై పిట్టల పద్దు

శామీర్‌పేట, మేడ్చల్ పరిసరాల్లో శరత్కాల పక్షి గణన... స్వచ్ఛంద పరిశీలకులే గణకులు

శామీర్‌పేట: ఆశ్వయుజం అడుగుపెట్టి, వానలు వెనుదిరిగి, బీళ్లలో తంగేడు విరబూసే వేళకు శామీర్‌పేట పెద్ద చెరువుకు కొత్త చుట్టాల రాక మొదలవుతుంది. హిమాలయాలకు ఆవల, మధ్య ఆసియా మైదానాల నుంచి బయలుదేరిన బాతులు, గోరింకలు, జిట్టంగి పిట్టలు ఒక్కొక్క జట్టుగా దక్కను పీఠభూమికి దిగుతాయి. వాటిని చూసేందుకు తెల్లవారకముందే గట్టుకు చేరేవారూ ఉన్నారు. మెడలో బైనాక్యులర్లు, చేతిలో చిన్న పుస్తకం లేదా చరవాణి. వీరిలో ఉద్యోగులు, విద్యార్థులు, పదవీ విరమణ చేసినవారు, గృహిణులు కనిపిస్తారు. జీతం లేదు, భత్యం లేదు. ఏ పిట్ట, ఎక్కడ, ఎన్ని అన్న మూడు ప్రశ్నలకు సమాధానం రాసుకుని వెళ్లడమే వీరి పని.

చూసేవారికి ఇది పొద్దుపోని వ్యవహారంలా తోచవచ్చు. కానీ నగరం ఉత్తరానికి పాకుతున్న ఈ ప్రాంతంలో, నిన్న ఏముండేదో రేపు చెప్పడానికి మిగిలే ఆధారాల్లో ఈ పద్దు ఒకటి.

ద్రాక్ష తోటల నుంచి వెంచర్ల దాకా

హైదరాబాద్‌కు ఉత్తరాన సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, రాజీవ్ రహదారి పక్కన శామీర్‌పేట చెరువు ఉంది. నిజాం కాలం నాటి ఈ జలాశయానికి ఆనుకుని జవహర్ జింకల పార్కు, చుట్టూ రాతి గుట్టలు, తుప్పలు, చెలకలు ఉన్నాయి. 44వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న మేడ్చల్, ఈ శామీర్‌పేట ఒకనాడు ద్రాక్ష తోటలకు పెట్టింది పేరు. పందిళ్లపై పండు తీపెక్కే రోజుల్లో గోరింకలను, చిలుకలను అదిలించడానికి రైతులు డబ్బాలు మోగించేవారు. పక్షులను చూడగానే తరిమిన ఊళ్లలోనే ఇప్పుడు అవి ఎన్ని మిగిలాయని లెక్క తీయడం కాలం తెచ్చిన మార్పు.

తోటలు క్రమంగా తగ్గిపోయాయి. 1999లో తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ రూపుదిద్దుకుంది. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, 2008లో బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం వచ్చాయి. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి మేడ్చల్, శామీర్‌పేటలను తాకుతూ సాగింది. 2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లా నుంచి విడివడి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడే నాటికి చెలకల్లో హద్దురాళ్లు పాతుకున్నాయి. గోడ కట్టిన విద్యాసంస్థల ప్రాంగణాలు మాత్రం కొంత తుప్పను, కొన్ని రాళ్లను యథాతథంగా ఉంచాయి. కౌజులు, నెమళ్లు, బుర్రపిట్టలు అక్కడ తలదాచుకుంటున్నాయి.

తొలి లెక్క తొంభై ఏళ్లకు పూర్వం

ఈ నేలపై పక్షుల లెక్క కొత్తది కాదు. 1931-32లో సలీం అలీ నిజాం సంస్థానమంతటా తిరిగి పక్షులను సర్వే చేశారు. అప్పటికి ఆయనకు స్థిరమైన ఉద్యోగం లేదు. గుడారాలకు, ప్రయాణాలకు అయ్యే ఖర్చు భరిస్తే చాలు, జీతం అక్కర్లేదని ముందుకు వచ్చారు. ఆ లెక్కన దక్కనులో పేరెన్నికగన్న తొలి స్వచ్ఛంద గణకుడు ఆయనే అనవచ్చు. ఆ సర్వే ఫలితాలు 1933-34లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో, హ్యూ విస్లర్ వ్యాఖ్యలతో భాగాలుగా వెలువడ్డాయి. ఆ రోజుల్లో పక్షిని గుర్తించడమంటే తుపాకీతో కొట్టి, చర్మం ఒలిచి, చీటీ కట్టి భద్రపరచడమే. నేటి గణకుడు దుర్భిణితో చూసి వదిలిపెడతాడు. పద్ధతి మారినా ఆనాటి వ్యాసాల విలువ తగ్గలేదు. ఒక జాతి ఈ ప్రాంతంలో అప్పుడు సాధారణమా, అరుదా అని తేల్చుకోవడానికి నేటికీ వాటినే తిరగేస్తారు.

1980లో హైదరాబాద్ కేంద్రంగా బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. నెలనెలా క్షేత్ర పర్యటనలు, గణనలు నిర్వహిస్తూ ‘పిట్ట’ పేరుతో సమాచార పత్రికను వెలువరించింది. రాష్ట్ర విభజన తర్వాత ఈ సంస్థ డెక్కన్ బర్డర్స్ అనే పేరుతో కొనసాగుతోంది. హైదరాబాద్ బర్డింగ్ పాల్స్ వంటి బృందాలు తర్వాత తోడయ్యాయి.

ఆ పత్రిక పేరు వెనుక తెలుగువారు గర్వించదగిన ముచ్చట ఒకటుంది. 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త వియెయో ఒక రంగుల పక్షి ప్రజాతికి శాస్త్రీయ నామంగా ‘పిట్ట’ అన్న మన మాటనే స్థిరపరిచాడు. ప్రపంచమంతటా ఆ పక్షులను నేటికీ పిట్టలనే పిలుస్తున్నారు. ఆ వర్గానికి చెందిన నవరంగ పిట్ట హిమాలయ పాదాల నుంచి, మధ్య భారతం నుంచి దక్షిణాదికి, శ్రీలంకకు వెళుతూ సరిగ్గా ఈ రుతువులోనే మన ప్రాంతం మీదుగా సాగిపోతుంది. రాత్రి ప్రయాణంలో అలసి, తెల్లవారేసరికి ఏ ఇంటి పెరట్లోనో కూలబడిన నవరంగ పిట్టను చూసి, ఇదెక్కడి పక్షి అని ఆశ్చర్యపోయేవారు ప్రతి ఏటా ఉంటారు.

లెక్కించే తీరు

పక్షి గణన జనాభా లెక్కల వంటిది కాదు. తలుపు తట్టి పేరు రాసుకునే వీలు లేదు. ఎదురుగా ఉన్నవి ఎప్పుడు లేచిపోతాయో తెలియదు. అందుకే కొన్ని నియమాలు పాటిస్తారు. మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, నడిచిన దూరం, ఎందరు చూశారన్నది తప్పక రాయాలి. గుర్తించిన ప్రతి జాతినీ నమోదు చేయాలి. కాకిని, గోరింకను చిన్నచూపు చూసి వదిలేసిన పట్టిక లెక్కకు అక్కరకు రాదు. పది పట్టికల్లో ఎన్నింట కాకి కనిపించిందన్న నిష్పత్తి నుంచే పదేళ్ల తర్వాత కాకుల రాత తెలుస్తుంది. అంతా రాసిన పట్టికలో ఒక పక్షి పేరు లేకపోతే, అది అక్కడ కనబడలేదన్న సమాచారం కూడా దక్కినట్లే.

ఉదయం వేళ సూర్యుడు వీపు వెనుక ఉండేలా నిలబడటం పాత పరిశీలకులు కొత్తవారికి చెప్పే తొలి పాఠం. ఎండకు ఎదురుగా చూస్తే నీటిపై ఉన్నవన్నీ నల్లని బొమ్మలే. గుంపులు పెద్దవైనప్పుడు ఒక్కొక్కటి లెక్కించడం కుదరదు. ముందుగా పది పక్షులను లెక్కించి, ఆ పది నీటిపై ఎంత చోటు ఆక్రమించాయో కంటితో కొలత పెట్టుకుంటారు. ఆ కొలత మొత్తం గుంపులో ఎన్నిసార్లు పడుతుందో చూస్తారు. గుంపు ఎంత పెద్దదైతే అంచనా అంత తక్కువగా పడటం మానవ సహజం. అందుకే ఇద్దరు విడివిడిగా లెక్కించి సరిచూసుకోవడం మేలు. ఈ గట్టు నుంచి లేచిన బాతులు ఆ గట్టున వాలితే రెండోసారి లెక్కలోకి రాకుండా లేచిన వేళ, వెళ్లిన దిక్కు రాసుకోవాలి.

శరత్కాల గణనలో మరో చిక్కు ఉంది. వలస వచ్చే మగ బాతులు ఈ రోజుల్లో తమ పెళ్లి రంగులు విడిచి, ఆడ బాతుల వలె మట్టి రంగు ఈకలతో ఉంటాయి. జనవరిలో చిన్నపిల్లలు కూడా గుర్తుపట్టే సూదితోక బాతు అప్పటికి తోక పెరగక మారువేషంలో ఉన్నట్లుంటుంది. రెక్కల మీది పట్టీ, ముక్కు ఆకారం, ఈదే తీరు చూసి తేల్చుకోవాలి. తేలకపోతే ‘గుర్తించని బాతులు, ఇన్ని’ అని రాయడమే నిజాయతీ. ఆకుల మాటున తిరిగే చిన్న చిన్న వార్బ్లర్ల సంగతి అంతకంటే కష్టం. వాటిని చూపు కంటే ముందు చెవి పట్టిస్తుంది.

ఆదివారాలు కట్టమైసమ్మ దర్శనానికి, విహారానికి వచ్చేవారితో చెరువు కట్ట కోలాహలంగా ఉంటుంది. పొద్దెక్కితే వాహనాల రద్దీ, వంటల పొగ. కనుక గణకులు తొలి కోడి కూసే వేళకే అక్కడ ఉంటారు.

వచ్చేవారు, ఉండేవారు

అందరికంటే ముందు వచ్చే బాతు గార్గనీ. ఆగస్టు, సెప్టెంబరులలోనే దిగుతుంది. ఇంచుమించు అదే కాలంలో తూర్పు ఐరోపా, మధ్య ఆసియాల నుంచి గులాబీ గోరింకలు మబ్బుల్లా వస్తాయి. జొన్నచేలు విస్తారంగా ఉన్న రోజుల్లో కంకుల మీద వాలి రైతును ఏడిపించిన పక్షులివే. మిడతలను తిని మేలు చేసేవీ ఇవే. విద్యుత్తు తీగలపై వరుసగా కూర్చునే వానకోవెలలు, బురద అంచున తోక ఆడిస్తూ పరుగెత్తే జిట్టంగులు, ముళ్లకంప కొనపై కూర్చుండే గోధుమ రంగు కీచుపిట్టలు అక్టోబరు నాటికి తమ తమ చోట్లు పట్టుకుంటాయి. గత చలికాలం కూర్చున్న కంపనే వెతుక్కుని వచ్చేవి కూడా ఈ కీచుపిట్టల్లో ఉంటాయి. హిమాలయ శిఖరాలను దాటగల పట్టీతల బాతుల వంటివి దక్కనుకు చేరేది చలి ముదిరిన తర్వాతే.

స్థానికుల సందడి వేరు. నీటికాకులు రెక్కలు విప్పి రాళ్ల మీద ఆరబెట్టుకుంటాయి. గుడ్డికొంగ గట్టున కదలక నిలబడుతుంది. నారాయణ పక్షి, లకుముకి పిట్ట, తామరాకులపై నడిచే జకానాలు, ఈలబాతులు ఏడాది పొడవునా కనిపించేవే. అడుగు చప్పుడైతే చాలు తీతువు ఊరంతా వినబడేలా అరుస్తుంది. తీతువు అరిస్తే కీడని పల్లెల్లో భయపడతారు గానీ, దాని గుడ్లు నేల మీద గులకరాళ్ల మధ్య ఉంటాయి. ఆ అరుపు వచ్చినవారిని దారి మళ్లించే ఉపాయం మాత్రమే.

నీటిమట్టం మీద లెక్క ఎంతో ఆధారపడుతుంది. వానలు బాగా పడి చెరువు అంచుల దాకా నిండిన ఏడాది బురద చూపించే తీరం తక్కువ. అప్పుడు ఉల్లంకి పిట్టల వంటి బురద పక్షులు చిన్న కుంటలకు, వరిమళ్లకు చెదిరిపోతాయి. నీరు తగ్గిన ఏడాది అవన్నీ ఒకేచోట గుమిగూడతాయి. ఒక్క ఏడాది సంఖ్య చూసి పక్షులు పెరిగాయనీ, తగ్గాయనీ చెప్పడం తొందరపాటు. పది, పదిహేనేళ్ల వరుస కావాలి.

పాలపిట్ట ఎన్ని?

ఈ రుతువులో సామాన్యుడు కూడా వెతికే పక్షి ఒకటుంది. విజయదశమి నాడు జమ్మి దగ్గరకు వెళ్లేటప్పుడు పాలపిట్టను చూడటం తెలంగాణలో తరతరాల ఆచారం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు అదే రాష్ట్ర పక్షి. 2014లో తెలంగాణ కూడా దానినే ఎంచుకుంది. ఊరి పొలిమేర దాటితే తీగ మీద కనిపించే ఆ పిట్ట కోసం ఇప్పుడు నగరవాసి కారులో తిరగాల్సి వస్తోంది. ఇదే అదనుగా కొందరు పాలపిట్టలను వల వేసి పట్టి, రెక్కలు కట్టి, పంజరాల్లో తెచ్చి డబ్బు తీసుకుని చూపిస్తున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది నేరం. శుభం కోరి చూసిన పిట్ట పండుగ దాటేసరికి ప్రాణంతో ఉంటుందన్న భరోసా లేదు.

దేశవ్యాప్తంగా స్వచ్ఛంద పరిశీలకుల పట్టికల ఆధారంగా 2023లో వెలువడిన ‘భారత పక్షుల స్థితి’ నివేదిక పాలపిట్ట గురించి ఆందోళన వ్యక్తం చేసింది. పన్నెండేళ్ల కాలంలో దాని సంఖ్య సుమారు 30 శాతం తగ్గినట్లు లెక్కగట్టి, అంతర్జాతీయ ఎర్ర జాబితాలో దాని స్థానాన్ని పునఃపరిశీలించాలని సూచించింది. సుమారు 30 వేల మంది పంపిన 3 కోట్ల నమోదులను పరిశీలించి, 942 జాతుల స్థితిని ఆ నివేదిక మదింపు చేసింది. దీర్ఘకాలిక ధోరణి తేల్చగలిగిన జాతులు 338. వాటిలో 204 తగ్గాయి, 98 నిలకడగా ఉన్నాయి, 36 మాత్రమే పెరిగాయి. పెరిగినవాటిలో నెమలి ఒకటి. ఊరపిచ్చుక దేశం మొత్తం మీద నిలకడగా ఉన్నా, హైదరాబాద్ సహా మహానగరాల్లో తగ్గిందని అంతకుముందు 2020 నివేదిక పేర్కొంది.

పాలపిట్టకు కావలసింది పెద్ద అడవి కాదు. మిడతలు, పురుగులు దొరికే బీడు, కూర్చుని చూసేందుకు ఒక మోడు, గూటికి చెట్టు తొర్ర. పూరేడు పిట్టలు, కౌజులు, నేల మీద గూడు కట్టే భరతపక్షులు కూడా ఇలాంటి బీళ్లనే నమ్ముకున్నవి. ప్రభుత్వ దస్త్రాల్లో వీటి పేరు బంజరు, పడావు. ఎవరి కంటికీ అడవిలా కనబడకపోవడమే వీటి దురదృష్టం. చెరువు పోతే నలుగురూ గొంతెత్తుతారు. బీడు చదును చేస్తే అభివృద్ధి అంటారు. బతుకమ్మకు తంగేడు, గునుగు పూసేదీ ఈ బీళ్లలోనే. ఆ పువ్వును ఇప్పుడు మార్కెట్లో కొనుక్కోవలసి రావడానికీ, పాలపిట్ట కోసం వెతుక్కోవలసి రావడానికీ కారణం ఒక్కటే.

లెక్క ఎక్కడ పనికొస్తుంది

2012లో జారీ అయిన భవన నిర్మాణ నియమాల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుల పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులు, కుంటల నుంచి 9 మీటర్ల మేర ఖాళీ స్థలం వదలాలి. అయితే ఈ కొలతలు నీటిని దృష్టిలో పెట్టుకున్నవి. నీటి వెలుపల మేసి, రాత్రికి నీటి దగ్గరకు చేరే పక్షికి 30 మీటర్ల పట్టీ ఏ మూలకు? ఏ గట్టున ఏ జాతి గూడు కడుతుందో, ఏ కుంటలో బాతులు దిగుతాయో తేదీలతో సహా చెప్పగల పద్దు ఉంటేనే అధికారుల ముందు మాట నిలుస్తుంది.

2016 నవంబరులో సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువుకు జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు లభించింది. దేశంలో ఒక పట్టణ జలాశయానికి ఆ హోదా దక్కడం అదే తొలిసారి. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల భూమిపై వివాదం చెలరేగి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను నిలిపివేసిన సందర్భంలోనూ, పరిశీలకులు ఏళ్లుగా నమోదు చేసిన పక్షి జాబితాలు చర్చలోకి వచ్చాయి. హకీంపేట, దుండిగల్‌లలో వైమానిక శిక్షణ కేంద్రాలు ఉన్నందున ఈ జిల్లాలో పక్షుల రాకపోకల సమాచారానికి మరో ఉపయోగమూ ఉంది. జవహర్‌నగర్ చెత్త గుట్టలపై గిరికీలు కొట్టే గద్దల లెక్క పక్షి ప్రేమికులకే పరిమితమైన విషయం కాదు.

ఇష్టమైన చెరువుకే పదేపదే వెళ్లడం స్వచ్ఛంద గణనలోని లోపం. శామీర్‌పేటకు పట్టికలు వస్తాయి. పక్కనున్న పేరులేని కుంటకు రావు. ఈ లోపాన్ని సరిదిద్దేందుకు పుట్టినదే పక్షి అట్లాసు విధానం. ప్రాంతాన్ని సమాన గళ్లుగా విభజించి, ఆ గడిలో చెరువున్నా, బస్తీ ఉన్నా, పారిశ్రామికవాడ ఉన్నా వెళ్లి లెక్కించడమే ఇందులోని నియమం. 2015 నుంచి 2020 వరకు కేరళ రాష్ట్రమంతటా ఈ పద్ధతిలో గణన జరిగింది. 2025లో హైదరాబాద్ బర్డింగ్ పాల్స్, డెక్కన్ బర్డర్స్, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కలిసి హైదరాబాద్ పక్షి అట్లాసును ప్రారంభించాయి.

పాల్గొనదలచినవారికి

గణనలో చేరడానికి డిగ్రీ అవసరం లేదు. 8 రెట్లు పెద్దదిగా చూపే బైనాక్యులర్లు, చిత్రాలున్న ఒక మార్గదర్శి పుస్తకం, ఓపిక ఉంటే చాలు. సలీం అలీ రాసిన భారతీయ పక్షుల పుస్తకం 1941లో తొలిసారి వెలువడి ఎన్నో ముద్రణలు పొందింది. అమెరికాలోని కార్నెల్ పక్షి పరిశోధన సంస్థ, ఆడుబాన్ సొసైటీ కలిసి 2002లో నెలకొల్పిన ఈ-బర్డ్‌లో పట్టికలను ఉచితంగా నమోదు చేయవచ్చు. పక్షిని గుర్తించడానికి తోడ్పడే మెర్లిన్ అనువర్తనానికీ రుసుము లేదు. అయితే చరవాణి చెప్పిన పేరును కళ్లతో చూసి నిర్ధారించుకున్న తర్వాతే రాయాలి.

మొదట ఇంటి చుట్టూ ఉన్న పది పక్షులను తిరుగులేకుండా నేర్చుకుని చెరువుకు వెళ్లడం మంచిది. రంగురంగుల బట్టలు, బిగ్గర మాటలు పనికిరావు. రికార్డు చేసిన కూతలు వినిపించి పక్షిని బయటికి రప్పించరాదు. వానకాలంలో కట్టిన గిజిగాడి గూళ్లలో కొన్నింట అక్టోబరు దాకా పిల్లలుంటాయి. నీటికోళ్లు పిల్లలతో తిరుగుతుంటాయి. గూళ్ల దగ్గరకు వెళ్లడం, వాటి ఆచూకీని ఫొటోలతో ప్రచారం చేయడం తగదు. నీటి అంచున బురద లోతు తెలియని చోట దిగరాదు. పిల్లలను తీసుకెళ్లేవారు కట్ట దాటనీయకూడదు.

2018 నుంచి ఏటా అక్టోబరులో ఒక రోజున ప్రపంచవ్యాప్తంగా ‘అక్టోబర్ బిగ్ డే’ జరుగుతోంది. అదే నెల రెండో శనివారం ప్రపంచ వలస పక్షుల దినోత్సవం. సలీం అలీ జయంతి నవంబరు 12. జనవరిలో ఆసియా నీటి పక్షుల గణన ఉంటుంది. 1987లో మొదలైన ఈ గణనను మన దేశంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ, వెట్‌లాండ్స్ ఇంటర్నేషనల్ సమన్వయం చేస్తాయి. అక్టోబరులో మారువేషంలో వచ్చిన బాతులు అప్పటికి నిండు రంగులు తొడుక్కుని ఉంటాయి కనుక, శరత్కాలంలో ‘గుర్తించనివి’గా రాసిన గుంపుల్లో కొన్నింటి పేర్లు ఆ గణనలో తేలుతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో అవి తిరుగు ప్రయాణం కట్టే దాకా పద్దు తెరిచే ఉంటుంది.